కలప కోతకు వడ్డీ లెక్క: ఒక సూత్రం, దాని లోపం

చెట్టును ఏ వయస్సులో కొట్టాలి? లేతగా ఉండగా కొట్టితే కలప తక్కువ. మరీ ముదరనిస్తే పెరుగుదల మందగించి, నేలా పెట్టుబడీ ఊరక పడి ఉంటాయి. జర్మనీలోని సాక్సనీ గనులకు కలప కరవు ముంచుకొస్తున్న రోజులలో, 1713లో, కార్లోవిట్స్ అడవి పెరిగినంతకు మించి కొట్టరాదని బోధించాడు. ఎప్పుడు కొట్టితే లాభమో లెక్కించే మార్గాన్ని 1849లో ఫౌస్ట్‌మాన్ చూపాడు.

ఆయన సూత్రం హైస్కూలు విద్యార్థికి తెలిసిన అనంత గుణశ్రేఢియే. నాటడం, కొట్టడం, మళ్ళీ నాటడం ఎన్నటికీ సాగుతాయి. ప్రతి కోత ఆదాయాన్నీ చక్రవడ్డీతో నేటి విలువకు తగ్గించి కూడాలి. ఈ సరళత్వమే దాని బలం. కాని శ్రేఢి కుదరాలంటే ప్రతి పంటా మొదటి పంటను పోలి ఉండాలి. లోపం ఇక్కడే ఉన్నది.

1984లో రీడ్ దీనిని కొంత సవరించాడు. ఏటా నూటికి 1 వంతు అడవి కాలిపోయే ప్రమాదముంటే, వడ్డీ 3 శాతానికి బదులు 4 శాతమైనట్లే లెక్కించాలి; అనగా కోత ముందుకు జరుగుతుంది. ఇది కేవలం పాండిత్యం కాదు: అటువంటి ప్రమాదంలో 100 తోపులు నాటితే 80 ఏళ్ళకు మిగిలేవి సుమారు 45 మాత్రమే. అయితే ఆ 1 శాతం ఎన్నటికీ మారదనుకుంటే పాత లోపమే తిరిగి వచ్చినట్లు.

2018–2020 మధ్య జర్మనీలో జరిగినది చూడండి. వర్షాభావంతో స్ప్రూస్ చెట్లు నీరసించాయి. బెరడు తొలిచే పురుగును జిగురుతో ఎదిరించే శక్తి వాటికి తగ్గింది. వేడిమి వల్ల పురుగుల సంతతి పెరిగింది. హార్ట్స్ కొండలలో తోపులకు తోపులే ఎండాయి. ఎండిన కలప ఒక్కసారిగా అంగడికి రాగా ధర పడిపోయింది. పెరుగుదల, ప్రమాదం, ధర మూడూ కలిసి మారాయి. సూత్రమో మూడింటినీ స్థిరమన్నది.

కనుక సూత్రాన్ని పారవేయనక్కరలేదు. దాని జవాబును శాసనంగా భావించరాదు. నేడు నాటిన మొక్క 80 ఏళ్ళ తరువాతి వాతావరణంలో కోతకు వస్తుంది. "ఇన్నేళ్ళకు కొట్టు" అనే ఒక్క అంకెకు బదులు, అడవిని కొలిచిన ప్రతిసారీ సవరించుకొనే నియమం కావాలి. జర్మనీ జాతీయ అటవీ గణన 2012లోను, మళ్ళీ 2022లోను జరిగింది. గణితం అటువంటి కొలతల వెంట నడిస్తేనే కార్లోవిట్స్ మాట నిలుస్తుంది.