సూది తేదీ దాటితే

‘అంతర’ అనే గర్భనిరోధక సూది మూడు నెలలకోసారి వేయించుకోవాలని ఆ మందు వాడే ప్రతి ఒక్కరికీ చెబుతారు. ఆ తేదీకి రెండు వారాల ముందు వేయించుకోవచ్చని, నాలుగు వారాలు ఆలస్యమైనా మరో జాగ్రత్త అక్కర్లేకుండా వేయించుకోవచ్చని కూడా ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ రెండో మాట సిబ్బంది పుస్తకంలో ఉంటే చాలదు, మొదటి సూది నాడే వేయించుకునే మనిషి చెవిన పడాలి. జనవరి 6న వేయించుకున్న మనిషికి 13 వారాల లెక్కన మళ్లీ ఏప్రిల్ 7న వేయాలి. మార్చి 24 నుంచే వేయొచ్చు, మే 5 దాకా గడువుంది. కార్డు మీద ఏప్రిల్ 7 ఒక్కటే ఉంటే, పంట పనుల్లోనో పుట్టింట్లోనో చిక్కుకుపోయిన మనిషి 10వ తేదీకల్లా అంతా అయిపోయిందనుకుని ఇక సబ్‌సెంటర్ మొహమే చూడకపోవచ్చు. ఊరు విడిచి వలస పోయేవాళ్లకైతే వెనకటి నాలుగు వారాలకన్నా ముందరి రెండు వారాలే ఎక్కువ పనికొస్తాయి. బస్సెక్కే ముందే వేయించుకుని పోవచ్చు. ఆ తర్వాతి తేదీని మాత్రం అసలు సూది పడిన రోజు నుంచే లెక్కపెట్టాలి.

ఈ వెసులుబాటు ఎవరి దయా కాదు, మందు తీరే అంత. కండలోకి ఎక్కించిన 150 మిల్లీగ్రాముల డీఎంపీఏ (అంతరలో ఉండే మందు) మెల్లగా కరుగుతూ రక్తంలో కలుస్తుంది, 91వ రోజున ఠక్కున ఆగిపోదు. సూది మానేసినవాళ్లకు మళ్లీ గర్భం నిలవడానికి చివరి సూది నుంచి సగటున పది నెలలు పడుతోందంటే కారణం అదే. రెండు వారాలుగా ఉన్న ఆలస్యపు గడువును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో నాలుగుకు పెంచింది. అమెరికా మార్గదర్శకాలు మాత్రం ఇప్పటికీ రెండు దగ్గరే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చిన మనిషిని వెనక్కి పంపడంలోని నష్టాన్ని కూడా లెక్కలో వేసుకుంటే నాలుగే న్యాయమని నాకనిపిస్తుంది.

గడువుందని తెలిస్తే అందరూ ఆఖరి రోజుకే వస్తారని ఒక అభ్యంతరం. కొందరు రావచ్చు కూడా. వాళ్లకు చెప్పాల్సింది రావలసిన రోజు ఏప్రిల్ 7 అనే, మే 5 అన్నది కాలు కదలని పరిస్థితి కోసమని. సంగతి దాచిపెడితే వేళకు వస్తారన్న భరోసా ఏమీ లేదు. ఆలస్యమైన మనిషి తిట్లకు జడిసి అసలే రాకపోవచ్చు. రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది: ఈలోగా గర్భం నిలిచి ఉంటే? నాలుగు వారాలు కూడా దాటితే అనుమానించాల్సిందే. కలయిక జరిగిందా, నిరోధ్ వాడారా అని అడగాలి, అవసరమైతే పరీక్ష చేయాలి. గర్భం లేదని నమ్మకం కుదిరితే సూది వేసి, వారం రోజులు నిరోధ్ వాడమనాలి. అంతేగానీ ‘బహిష్టు అయ్యాక రా’ అని పంపేయడం కుదరదు. ఈ సూది మీద ఉన్న చాలామందికి నెలసరే ఆగిపోతుంది. రాని నెలసరి కోసం ఎదురు చూస్తుంటే, మందు పట్టు పూర్తిగా సడలేది ఆ రోజుల్లోనే.

గర్భనిరోధక సూదుల మీద మన దగ్గర అపనమ్మకం ఊరికే రాలేదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే మరో సూదిని ప్రయోగంగా వేయబోతే, ఆ సంగతి ఆడవాళ్లకు సరిగ్గా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం నిలదీసింది. 1986లో మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. అందుకే, అంతర వల్ల ఎముకల సాంద్రత కొంత తగ్గుతుందని, నెలసరి అస్తవ్యస్తమవుతుందని చెప్పడం ఎంత అవసరమో, గడువు ఎంతో చెప్పడమూ అంతే అవసరం. ఆ నెట్-ఎన్‌కు లెక్క వేరు: రెండు నెలలకోసారి, ఆలస్యానికి రెండు వారాలే. కార్డు మీద తేదీల పక్కన మందు పేరు కూడా రాయమనేది అందుకే.