కానుక కూలి కాకూడదు

తమిళనాడులో కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వైపు ఒక తరం పిల్లలు బడి లెక్కల కన్నా ముందు అగ్గిపెట్టెల లెక్క నేర్చుకున్నారు. చట్రంలో పుల్లలు పేర్చితే చట్రానికి ఇంత, పెట్టెలు అంటిస్తే పెట్టెలకు ఇంత. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1988లో జాతీయ బాలకార్మిక పథకం మొదలైనప్పుడు తొలి ప్రాంతాల్లో శివకాశి ఒకటి. చిన్నప్పుడు చట్రాల ముందు కూచున్న ఆడపిల్లలు ఈనాడు అవ్వలై, మనవళ్లను బడి దాకా దిగబెట్టి వెళ్తున్నారు. వాళ్లలో ఒకావిడ, కోవిల్‌పట్టిలో నేను పాఠాలు చెప్పే తరగతి గోడమీద నక్షత్రాల పట్టిక చూసి, మన ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులోనే అడిగింది: "ఇదీ చట్రం లెక్కేనా అమ్మా?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు తోచలేదు. ఒక్కో మంచి పనికి ఒక్కో నక్షత్రం, పది నక్షత్రాలకు ఒక పెన్సిలు. కూలికీ దీనికీ తేడా ఏమిటి? ఈ బేరం బడిలోకి ఎలా వచ్చిందో చూద్దాం.

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోవడం మంచిదే. బెత్తం వదిలిన చేయి మాత్రం చాక్లెట్ సంచీలోకి వెళ్లింది. టీచర్ల జేబుకు అదొక భారం. పిల్లల మీద పడే భారం అంతకన్నా పెద్దది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకున్నారు. గీస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ఆ ఆశతో గీసిన పిల్లలు తీరిక వేళల్లో బొమ్మల జోలికి వెళ్లడం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా పత్రం ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. అంటే చెరుపు చేసింది పత్రం కాదు, ముందే కుదుర్చుకున్న బేరం.

అలాగని బహుమతులన్నీ ఎత్తేస్తే నలభై మంది ఉన్న తరగతి నడవదు. అందుకే నేను ఒక్కొక్కరి లెక్క మానేసి, అందరిదీ ఒకే లెక్క చేశాను. ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటి, అది నిండేన్ని చింతగింజలు. తరగతి మొత్తం కలిసి ఒక పని బాగా చేస్తే సీసాలో గుప్పెడు గింజలు పడతాయి: భోజనం వరసలో తోపులాట లేకపోయినా, రెండు రోజులు బడికి రాని పిల్లకు పక్కవాళ్లు పాఠం చెప్పినా. ఏ పనికి గింజలు పడతాయో ముందు చెప్పను. పడిన గింజల్ని ఎవరి తప్పుకూ వెనక్కి తీయను. సీసా నిండితే ఏం కావాలో పిల్లలే చేతులెత్తి తేల్చుకుంటారు.

ఈ ఆలోచన నా సొంతమేమీ కాదు. 1969లో అమెరికాలో ఒక నాలుగో తరగతిని రెండు జట్లు చేసి 'మంచి నడత ఆట' ఆడించారు. అల్లరి గుర్తులు తక్కువగా ఉన్న జట్టు గెలుస్తుంది. హద్దు దాటకపోతే రెండు జట్లూ గెలుస్తాయి. గెలుపుకు బహుమతి భోజనానికి ముందు వెళ్లడం, కాస్త ఖాళీ సమయం లాంటివి. అల్లరి బాగా తగ్గింది. కానీ ఇద్దరు పిల్లలు మేం ఆడమని తెగేసి చెప్పారు. వాళ్ల వల్ల మిగతావాళ్లు ఓడకుండా వాళ్లను విడిగా లెక్కించాల్సి వచ్చింది. జట్టు పద్ధతిలో ప్రమాదం ఇదే: ఒకడి వల్ల అందరికీ పోయిందంటే, ఆటస్థలంలో వాడి గతి ఏమిటో చెప్పక్కర్లేదు. అందుకే నా సీసా తప్పులు లెక్కపెట్టదు.

సీసా నిండినప్పుడు పిల్లలు కోరేవాటికి డబ్బులు అక్కర్లేదు. వేపచెట్టు కింద పాఠం, అరగంట ఎక్కువ ఆట. కోవిల్‌పట్టి హాకీకి పేరుపడ్డ ఊరు కదా, కొమ్మలే హాకీ కర్రలు. అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు కథకు పడతాయి. అదీ నేను చెప్పేది కాదు, ఇంట్లో అవ్వ చెప్పింది విని వచ్చి పిల్లలు చెప్పేది. బడిలో తమిళం చదివే పిల్లలు ఆ కాసేపు ఇంటి తెలుగులో గొంతు విప్పుతారు. తెలుగు రాని పిల్లలకు పక్కవాడు తమిళంలో అందిస్తాడు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌కు బడి చదువు పెద్దగా సాగలేదు. తెలుగు నేల నుంచి వలస వచ్చిన మన కుటుంబాలు చెప్పుకున్న కథల్నే ఆయన తమిళంలో రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాదెమీ పురస్కారం అందుకున్నారు. ఇంటి కథకు బడిలో చోటివ్వడం ఏ పెన్సిలుకన్నా పెద్ద కానుక.

ఖర్చులేని గౌరవం ఇంకొకటుంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో పాఠాలను నిచ్చెన మెట్లుగా అమర్చారు. ర్యాంకు లేదు, ఎవరి మెట్టు వారిదే. తమిళనాడు ఆ పద్ధతి నుంచి నేర్చుకుని ప్రాథమిక బడుల్లో కృత్యాధార బోధన తెచ్చినప్పుడు, పిల్లల చేతికందే ఎత్తులో గోడకింద నల్లబల్లలూ, తలమీద తీగల పందిరీ వచ్చాయి. పిల్లలు గీసినవీ రాసినవీ ఆ తీగలకు వేలాడదీస్తారు. మంచివి ఏరి కాదు, అందరివీ. తన కాగితం తలమీద ఊగుతుంటే చదువులో వెనకబడ్డ పిల్లకూడా తల పైకెత్తి నడుస్తుంది.

ఇలా షరతు లేకుండా అందరికీ ఇవ్వడం ఈ నేలకు కొత్త కాదు. విరుదునగర్‌లో 1903లో పుట్టి, చిన్ననాడే బడి మానేసిన కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించారు. ఆ పథకం మా పక్కనున్న ఎట్టయపురంలోనే మొదలైందని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. మార్కులు వస్తేనే అన్నం అని ఆయన షరతు పెట్టలేదు. వచ్చిన ప్రతి పిల్లకూ విస్తరి వేశారు, పిల్లలు బడికి వచ్చారు. 2022 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఉదయం టిఫినూ అలాగే పెడుతున్నారు.

కామరాజ్ పుట్టినరోజు జులై 15ను తమిళనాడు బడులు విద్యాభివృద్ధి దినంగా జరుపుకుంటాయి. ఊరి పెద్దలు, పూర్వ విద్యార్థులు బహుమతులు తెస్తారు. వాళ్లకు నాదొక మనవి. మొదటి ముగ్గురికి కప్పులు కొనకండి. ఆ డబ్బుతో తరగతికి ఒక బంతి, రెండు తాళ్లు, పది కథల పుస్తకాలు కొనండి. మిగిలితే అందరికీ తలా ఒక కోవిల్‌పట్టి కడలమిఠాయి పంచండి. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మిఠాయి అది, ఇప్పటికీ పేదపిల్లల చేతికందే ధరలోనే ఉంది. ఎందుకిస్తున్నారని పిల్లలు అడిగితే, మీరంతా బడికి వచ్చినందుకని చెప్పండి.