‘పెర్సెపొలిస్’లో ఇరాన్ విప్లవం: పనిమనుషుల పాత్రల ఆధారంగా పరిశీలన

1979లో ఇరాన్ రాచరికాన్ని కూల్చివేసిన విప్లవం గురించి ప్రపంచవ్యాప్తంగా ఎక్కువమంది చదివిన సృజనాత్మక గ్రంథాలలో మర్జానె సత్రాపి ‘పెర్సెపొలిస్’ ఒకటి. 1969లో జన్మించి టెహ్రాన్‌లో పెరిగిన రచయిత్రి ఈ గ్రాఫిక్ ఆత్మకథను ఫ్రెంచి భాషలో 2000–2003 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువరించారు. నిర్బంధ పరదా, ప్రవాసం, స్త్రీ స్వేచ్ఛ అనే కోణాల నుంచి దీనిపై విస్తృతమైన విమర్శ వచ్చింది. విప్లవానికి కారణాలేమిటన్న ప్రశ్నకు ఈ గ్రంథం చెప్పే సమాధానం అదే స్థాయిలో చర్చకు రాలేదు. ఆ సమాధానం పెద్దలు రాజకీయాలు మాట్లాడుకునే ముందుగదిలో కంటే, పనిమనుషులు మసలే చోట స్పష్టంగా దొరుకుతుంది.

ముందుగదిలో వినిపించే చరిత్ర పాఠకులకు పరిచితమే. 1951లో చమురు పరిశ్రమను జాతీయం చేసిన మొసద్దెగ్ ప్రభుత్వాన్ని 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కూలదోయించడం, షా రహస్య పోలీసు వ్యవస్థ సావాక్ పెట్టిన చిత్రహింసలు, 1971లో పెర్సెపొలిస్ శిథిలాల వద్ద 2500 ఏళ్ల రాచరికం పేరిట జరిగిన ఆడంబరం. ఇవన్నీ యథార్థాలే. అయితే ఇవి విద్యావంతులైన వామపక్ష కుటుంబాలు జ్ఞాపకం పెట్టుకున్న కారణాలు. భూసంస్కరణల తర్వాత పల్లెలు విడిచి దక్షిణ టెహ్రాన్ వాడలకు చేరిన కూలీలు, 1975లో ధరల నియంత్రణ పేరిట జరిమానాలకు, జైళ్లకు గురైన బజారు వర్తకులు, వారిద్దరినీ కలిపిన మసీదు ఈ కథలో దాదాపు లేరు. 1978 జనవరిలో ఖోమ్ కాల్పులలో మరణించినవారికి నలభయ్యవ రోజున సంతాపం, ఆ సంతాపంలో మరిన్ని మరణాలు, వాటికి మళ్లీ నలభయ్యవ రోజు అన్న క్రమమే ఉద్యమాన్ని నగరం నుంచి నగరానికి నడిపించింది. ఆ క్రమాన్ని నడిపినవారు సత్రాపి ఇంటి ముందుగదిలోకి వచ్చేవారు కారు.

ఈ పరిమితి రచయిత్రికి తెలియనిది కాదు. పినతండ్రి అనూష్ పాత్ర అందుకు నిదర్శనం. సగం మంది నిరక్షరాస్యులైన దేశంలో జనాన్ని మార్క్స్ పేరిట కూడగట్టలేమని, జాతీయవాదం లేదా మతనీతి మాత్రమే ఆ పని చేయగలవని, విప్లవం ముగిశాక మతనాయకులు మసీదులకు తిరిగి వెళ్లిపోతారని అతడు నమ్ముతాడు. షా జైలులో తొమ్మిదేళ్లు గడిపిన అతడిని కొత్త ప్రభుత్వం రష్యా గూఢచారి అన్న నేరంపై చంపుతుంది. చరిత్రలో తూదే పార్టీ పతనం కూడా ఇలాంటిదే. ఖొమేనీని సమర్థించిన ఆ పార్టీ నాయకులు 1983లో అరెస్టయ్యారు. అబదాన్ రెక్స్ సినిమా దహనం విషయంలో మాత్రం గ్రంథం పాఠకుని ఒంటరిగా వదిలివేస్తుంది. 1978 ఆగస్టు 19న నాలుగు వందలమందికి పైగా మరణించిన ఆ ఘోరం షా చేయించినదేనని ఆనాటి జనం నమ్మారు, కథనమూ అదే చెబుతుంది. నిప్పు పెట్టినది మతాభినివేశం గల యువకులన్నది నేడు చరిత్రకారులలో అధికుల అభిప్రాయం. ఒక తప్పుడు నమ్మకం విప్లవానికి నిజమైన కారణం కావడం ఇక్కడ అసలు విషయం. కథకురాలు పెద్దయ్యాక కూడా ఆ నమ్మకాన్ని సవరించకపోవడం లోపమే.

గ్రంథారంభంలోనే చిన్నారి మర్జీ ప్రవక్త కావాలనుకుంటుంది. పనిమనిషి తమతో కలిసి భోజనం చేయదన్నది అందుకు ఆమె చెప్పే కారణాలలో ఒకటి. ఆ పనిమనిషి మెహ్రీ కథ ‘ఉత్తరం’ అనే అధ్యాయంలో వస్తుంది. ఎనిమిదేళ్ల వయసులో ఆ ఇంటికి వచ్చిన పల్లెటూరి పిల్ల మెహ్రీ. పొరుగింటి అబ్బాయిని ప్రేమించిన ఆమెకు రాయడం రాదు, ప్రేమలేఖలు మర్జీయే రాసిపెడుతుంది. సంగతి తెలిసిన తండ్రి స్వయంగా వెళ్లి, ఆ అమ్మాయి తన కూతురు కాదని, పనిమనిషి అని ఆ యువకునికి చెప్పివస్తాడు. ప్రేమ అక్కడితో ముగుస్తుంది. ఈ దేశంలో ఎవరి తరగతిలో వారే ఉండాలని కూతురికి నచ్చజెప్పేవాడు కూడా ఊరేగింపులకు వెళ్లే ఆ తండ్రే. ఆ మరునాడు ఇద్దరు అమ్మాయిలూ ఇంట్లో చెప్పకుండా ప్రదర్శనకు వెళతారు. అది 1978 సెప్టెంబరు 8, ‘నల్ల శుక్రవారం’. తిరిగి వచ్చాక తల్లి ఇద్దరినీ కొడుతుంది. ఆ తర్వాత కథ మెహ్రీ వెంట నడవదు. విప్లవానికి వర్గభేదమే మూలమని ఇంత స్పష్టంగా చూపిన అధ్యాయం గ్రంథంలో మరొకటి లేదు. అది చూపినది శత్రువు కోటలో కాదు, కథకురాలి సొంత ఇంట్లో.

విప్లవానంతరం ఆ గదుల నుంచే మరొకరు వస్తారు. ఒకప్పుడు ఇంటి కిటికీ అద్దాలు తుడిచిన మనిషి ఆసుపత్రి అధికారిగా కనిపిస్తాడు. వైద్యానికి విదేశం వెళ్లవలసిన బంధువుకు అనుమతి ఇవ్వక అంతా దైవేచ్ఛ అంటాడు. రోగి భార్య ఆవేదన న్యాయమైనదే. ఆమె మాటలలో అతని అర్హతారాహిత్యం కంటే పూర్వపు వృత్తి పట్ల ఏవగింపు ఎక్కువగా వినబడుతుంది. రచయిత్రి ఆ స్వరంపై వ్యాఖ్యానించరు. మెహ్రీ అధ్యాయంలో తన వర్గాన్ని నిలదీసిన కలం ఇక్కడ ఆ వర్గం పక్షానే నిలిచింది.

ఇరాక్ యుద్ధ కాలంలో (1980–88) ఇంటి పనిమనిషి నస్రీన్ కొడుకుకు బడిలో బంగారు రంగు ప్లాస్టిక్ తాళంచెవి ఇస్తారు. యుద్ధంలో మరణిస్తే స్వర్గద్వారం తెరిచేది అదేనట. ఆ అధ్యాయాన్ని ముగించే పుటలో పై భాగాన, మెడలో తాళంచెవులు వేలాడుతూ మందుపాతరలపై ఎగిరిపడే పిల్లల నల్లని ఆకారాలు. కింద, చిల్లుల స్వెటరు వేసుకొని విందులో నర్తిస్తున్న మర్జీ, ఆమె స్నేహితులు. రెండు చిత్రాలలోనూ శరీరాల భంగిమలు దాదాపు ఒకటే. గ్రంథమంతటిలో ఇదే ఉత్తమమైన పుట అనదగినది.

ఫలితాల చిత్రణలోనూ ఇదే కోణం కొరత ఉంది. 1967 నాటి కుటుంబ రక్షణ చట్టం రద్దయింది, పరదా తప్పనిసరి అయింది, విశ్వవిద్యాలయాలు 1980 నుంచి మూతపడ్డాయి. వీటివల్ల తన తరగతి స్త్రీలు కోల్పోయినది సత్రాపి నిక్కచ్చిగా చూపారు. 1976 జనగణనలో దాదాపు 35 శాతంగా ఉన్న స్త్రీల అక్షరాస్యత 1996 నాటికి 70 శాతం దాటడం ఈ కథకు వెలుపలే ఉంది. స్త్రీ హక్కులను హరించిన పాలనలోనే పల్లెల్లోని ఆడపిల్లలు బడికి చేరారన్న వైరుధ్యాన్ని వివరించకుండా ఆ విప్లవ ఫలితాలను అంచనా వేయలేము. మెహ్రీలాంటి అమ్మాయి తన ఉత్తరం తానే రాసుకోగలిగిన తరం అది.

2022లో మరణించి దేశవ్యాప్త నిరసనకు కారణమైన జీనా మహసా అమీనీ టెహ్రాన్ సంపన్న వాడల అమ్మాయి కాదు, కుర్దు ప్రాంతపు సఖెజ్ పట్టణానికి చెందినది. ఆ ఉద్యమంపై 2023లో సత్రాపి వెలువరించిన గ్రంథం ఆత్మకథ కాదు, పలువురు చిత్రకారులు, పండితులు కలిసి రూపొందించిన సంకలనం.