బొమ్మకి అంచు కట్టేవారికి ఒక మనవి

చీర కొనేటప్పుడు మనం ముందుగా చూసేది అంచు. చీరంతా ఎంత బాగున్నా అంచు నప్పకపోతే "ఇంకోటి తీయవయ్యా" అంటాం. ఇంత తెలివి గల మనం బొమ్మల దగ్గరికొచ్చేసరికి ఆ కన్ను ఎక్కడ పారేసుకుంటామో గాని, పొద్దున్నే సెల్‌ఫోన్ తెరిస్తే చాలు... ఏడుకొండలవాడి చుట్టూ గులాబీలు, గులాబీల చుట్టూ దీపాలు, దీపాల చుట్టూ మిణుకుమిణుకుమనే చుక్కలు! వీటన్నిటి మధ్య స్వామి ఎక్కడున్నాడంటే వెతుక్కోవాలి.

కంప్యూటర్లో పేజీలు తయారుచేసేవారికి ఇది మరీ సులువైపోయింది. ఒక్క వరుస రాసి పడేస్తే పేజీలోని బొమ్మలన్నిటికీ ఒకే అంచు పడిపోతుందిట. పెళ్ళికూతురికీ అదే, పోయిన తాతగారికీ అదే! తప్పంతా యంత్రానిదే అనను. దేవుడి పటాలకి చమ్కీలూ, జరీ ముక్కలూ అతికించి మురిసిపోవడం మనకి కొత్తేం కాదు. రవివర్మ 1894లో అచ్చుయంత్రం పెట్టించాక ఇళ్ళకి చేరిన పటాల్లో కొన్నిటికి ఈ ముస్తాబు జరిగింది. అయితే ఆ చమ్కీ అంటించిన చెయ్యి ఆ ఒక్క పటం ముందే కూర్చుంది. లక్ష్మీదేవి చీర కుచ్చెళ్ళు ఎటు జారుతున్నాయో చూసి మరీ అంటించింది. ఇప్పుడలా చూసేవారేరీ?

ఆమధ్య ఒక అంతర్జాల పత్రిక నా కథ వేసింది. కరువు కథ. చిత్రకారుడు ఎండిన బావి గట్టుమీద ఒక ముసలామెను కూర్చోబెట్టి, చుట్టూ బోలెడంత ఖాళీ వదిలాడు. ఆ ఖాళీయే కరువు. దాని చుట్టూ ఎవరో చక్కగా మామిడాకుల తోరణం అంచు కట్టారు! "పెళ్ళి కథేమో అనుకుంటి గదక్కా" అంది తిరుపతిలో మా పక్కింటావిడ. ఆవిడ తప్పేముంది చెప్పండి?

అంచంటే ఏమిటో తెలియాలంటే శ్రీకాళహస్తి పోవాలి. 2022 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన ఊరు. అక్కడి పాత పద్ధతి కలంకారీ తెర ఒకటి నిదానంగా చూడండి. నడుమ పెద్దగా శ్రీరామ పట్టాభిషేకం. చుట్టూ వరుసలు వరుసలుగా కథంతా చిన్న చిన్న బొమ్మల్లో. ఆ వరుసల మధ్య సన్నటి పట్టీల్లో తెలుగు అక్షరాలు. అన్నిటికీ బయట పూలతీగ. ఇందులో బొమ్మ ఎక్కడ ఆగింది, అంచు ఎక్కడ మొదలైంది? వరుసల్ని విడదీసే పట్టీయే కథనీ చెబుతోందే!

రంగు సంగతి ఇంకా ముచ్చటైంది. కరక్కాయా, పాలూ పట్టించి ఆరేసిన గుడ్డమీద కాల్చిన చింతబరికెతో బొమ్మ గీసుకుంటారు. పాత ఇనుమూ, బెల్లమూ నీళ్ళలో ఊరేసి తీసిన నల్లరంగుతో ఆ గీతల్ని దిద్దుతారు. ఎరుపు రావలసిన చోట్లన్నీ పటికనీళ్ళు పూసి, గుడ్డ మొత్తాన్ని రంగు కాగులో ఉడికిస్తారు. అంటే, స్వామి కట్టిన బట్టకీ, అంచులో పూసిన పువ్వుకీ ఎరుపు ఒకే కాగులోంచి వచ్చిందన్నమాట. ఇక రెంటికీ తగవెక్కడిది?

ఈ విద్య అడుగంటిపోతూంటే 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. ఆ ఊరి కళాకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇలా నిలబెట్టుకున్నదాన్ని ఇప్పుడు ఫోన్లలో అమ్మకానికి పెట్టేటప్పుడు ఏం చేస్తున్నారో చూశారా? చదరంగా ఇమడాలని నాలుగు వైపులా కోసేసి, నడుమ బొమ్మ ఒక్కటీ ఉంచి, దానికి ఎక్కడిదో రెడీమేడ్ అంచు తగిలిస్తున్నారు! పూలతీగ పోయింది, కథ పోయింది, తెలుగు అక్షరాలూ పోయాయి. కొనేవాడికి కనబడేది ఒక రంగుల దేవుడు. "దీనికింత డబ్బా? అచ్చుగుడ్డ ఇంతకంటే చవక కదా" అంటాడు. అనడూ మరి! రోజుల తరబడి కలం పట్టుకుని నడుం వంచినవాడి పనిలో సగానికి సగం కత్తిరింపులోనే పోయె. అంచు తెగితే తెగేది అందం ఒక్కటే కాదు, అతని కూలి కూడా.

అలాగని అంచు వద్దంటున్నాననుకోకండి. కన్ను ఎక్కడ ఆగాలో చెప్పడానికి అంచు కావాలి. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. అంచుని చేత్తో మూసి బొమ్మని చూడండి. బొమ్మ వెలవెలబోయిందా, అది నిజమైన అంచు, ఉంచండి. "హమ్మయ్య" అని బొమ్మ ఊపిరి పీల్చుకున్నట్టుందా, మారుమాట లేకుండా తీసేయండి. చాలా బొమ్మలకి సన్నటి నల్లగీత చాలు. కొన్నిటికి అదీ అక్కర్లేదు, చుట్టూ కాస్త తెల్లటి చోటు వదిలితే అదే పదివేలు.

కలంకారీని మాత్రం, చిన్నదిగా కనబడినా సరే, నిండుగా చూపించండి. దాని అంచు దానికుంది.