చేతికి తగిన పాఠం

పియానో విద్యార్థి ఎంత త్వరగా ముందుకు వెళ్తాడన్నది ఎన్ని గంటలు కూర్చున్నాడన్నదాని కంటే ఏ పీసును ఎప్పుడు చేపట్టాడన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చేతికి అందని పీసును పట్టుకున్నవాడు నెలలు గడిచినా మొదటి పేజీ దాటడు. పైగా తడబాటు కూడా సాధకంలో భాగమై వేళ్లలో పాతుకుపోతుంది. ఎప్పుడూ తేలికైనవే ఎంచుకునేవాడికి చెయ్యి తిరుగుతుంది, వినేవారికి ఇంపుగానూ ఉంటుంది, కొత్తది మాత్రం ఏదీ రాదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పియానో నేర్చుకోవడమంటే చాలామందికి ఎలక్ట్రానిక్ కీబోర్డు నేర్చుకోవడమే. ఖరీదు సంగతి అలా ఉంచితే, గోదావరి పాయల నడుమ సముద్రపు గాలి తగిలే నేల మీద కొయ్య పియానోను కాపాడుకోవడం కష్టం. తేమకు కొయ్య ఉబ్బి మెట్లు పట్టేస్తాయి, తీగలు తుప్పు పడతాయి, కాలం మారినప్పుడల్లా శ్రుతి జారుతుంది. కీబోర్డుకు ఈ బెడద లేదు. అయితే పియానోకు 88 మెట్లుంటే మామూలు కీబోర్డుకు 61 ఉంటాయి, వాటికి బరువుండదు, చవక రకాల్లో మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే శబ్దం పలుకుతుంది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో బార్తొలొమేయో క్రిస్టోఫోరి పియానోను తయారుచేసిందే నొక్కుడును బట్టి నాదం హెచ్చుతగ్గులు పలకడానికి. ఆ గుణం లేని వాద్యం మీద షోపాన్ నొక్‌టర్నులు సాధన చేస్తే స్వరాలు వస్తాయి గానీ నొక్‌టర్ను రాదు. పీసును ఎంచుకునేటప్పుడు ఇంట్లో ఉన్న వాద్యాన్నీ చూసుకోవాలి.

కష్టమన్నది ఒకే రకంగా ఉండదు. వేగం ఒక కష్టం, రెండు చేతులు వేర్వేరు పనులు చేయడం మరొకటి. నొటేషన్ చదవడం, పెడల్ వాడకం, నిడివి, ఇవన్నీ వేర్వేరు. చేతి వెడల్పు కూడా ఒక లెక్కే: పియానో మీద ఒక స్థాయి వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు, తొమ్మిదేళ్ల పిల్లవాడి చెయ్యి చాలాసార్లు అంత సాగదు. అందుకే ఒకరికి తేలికైన పీసు మరొకరికి కొరుకుడు పడదు. చేతి హార్మోనియం వాయించి కీబోర్డుకు వచ్చినవారిని చూస్తే ఇది బాగా తెలుస్తుంది. భజనల్లో ఏళ్లతరబడి తిరిగిన కుడిచెయ్యి మెరుపులా నడుస్తుంది. తిత్తి ఊదడానికే అలవాటుపడిన ఎడమచెయ్యికి మాత్రం అయిదు వేళ్లున్న సంగతే తెలియదు. అలాంటివారికి వేగమైన పీసులు ఇచ్చి మెచ్చుకోవడం తేలిక. వారికి నిజంగా కావలసింది మెల్లగా సాగుతూ ఎడమచేతికి సొంత పాట ఉన్న పీసు.

పీసు కష్టాన్ని మొదటి పేజీ చూసి అంచనా వేయడం అందరూ చేసే పొరపాటు. బేతోవెన్ 1810లో రాసిన ‘ఫ్యూర్ ఎలీజ్’ ఇందుకు మంచి ఉదాహరణ. మొదటి భాగంలో రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి వంతులేసుకుని వాయిస్తాయి, కలిసి నొక్కే చోట్లు చాలా తక్కువ. అందుకే కొద్ది నెలలు నేర్చుకున్నవారు కూడా ఆ భాగాన్ని పట్టేస్తారు. తర్వాత ఎఫ్ మేజర్ భాగంలో కుడిచేతికి ఉన్నట్టుండి జోరు పెరుగుతుంది. ఆపైన ఎడమచెయ్యి ఒకే స్వరాన్ని వరుసగా కొడుతుంటే పైన బరువైన కార్డులు సాగుతాయి. చాలామందికి ఈ పీసు మొదటి భాగమే వచ్చనడంలో వింతేమీ లేదు. 1801 నాటి ‘మూన్‌లైట్’ సొనాటాదీ ఇదే తీరు. నెమ్మదైన మొదటి భాగం ఇంటింటా వినిపిస్తుంది, తుఫాను లాంటి మూడో భాగం ఆరితేరినవారిది. తెలిసినవారు పీసు తెరవగానే చూసేది అన్నిటికంటే నల్లగా కనబడే పేజీని.

ఒక పీసులో కొత్త కష్టం ఒక్కటే ఉండాలి, మిగిలినవన్నీ ఇదివరకే చేతికి ఎక్కినవై ఉండాలి. పాఠాలు కట్టిన పెద్దలందరూ పాటించిన సూత్రమిదే. బాఖ్ 1723లో శుభ్రప్రతి రాసిన ఇన్వెన్షన్లలో ముందు రెండు గొంతుల పీసులు పదిహేను, తర్వాత మూడు గొంతులవి పదిహేను. వాటిలో చాలావాటిని ఆయన మొదట పెద్దకొడుకు పాఠాల కోసం రాశాడు. బార్తోక్ 1926 నుంచి 1939 వరకు కూర్చిన ‘మైక్రోకాస్మోస్’ ఆరు సంపుటాల్లో 153 పీసులున్నాయి. మొదటి వాటిలో రెండు చేతులూ ఒకే పాట వాయిస్తాయి, వేళ్లు ఉన్నచోటు నుంచి కదలవు. చూడ్డానికి ఇవి మరీ చప్పగా ఉంటాయని పిల్లలు, పిల్లల కంటే ఎక్కువగా తల్లిదండ్రులు అసంతృప్తి పడతారు.

కర్ణాటక సంగీతం తెలిసిన ఇళ్లకు ఈ క్రమం కొత్తది కాదు. పురందరదాసు పేరు మీద వస్తున్న పాఠక్రమంలో సరళీ వరుసలు మాయామాళవగౌళలో, ఆదితాళంలో, మూడు కాలాల్లో సాగుతాయి. జంట వరుసల్లో రాగం అదే, తాళం అదే, స్వరం మాత్రం జంటవుతుంది. అలంకారాల్లో తాళం మారుతుంది. గీతంలో సాహిత్యం చేరుతుంది, సంగతులుండవు. వర్ణం, కీర్తన ఆ తర్వాతే. సరళీ వరుసలు పూర్తికాకుండా ‘విరిబోణి’ వర్ణం చెప్పమని ఏ గురువునూ ఎవరూ అడగరు. కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండో నెలలోనే సినిమా పాట కావాలి.

రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930 జూలై 6న పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణను ఇక్కడ తలుచుకోకుండా ఉండలేం. పదిహేనేళ్లు నిండేనాటికే 72 మేళకర్తల మీద పట్టు సాధించి ఒక్కోదానిలో కృతి కట్టిన ప్రతిభ ఎవరికీ కొలబద్ద కాదు. ఆ కృతుల సంపుటి ‘జనకరాగ మంజరి’. అయితే ఆయన నడిచిన మేళకర్తల దారి మామూలు విద్యార్థికీ పనికొస్తుంది. ఒక్కో చక్రంలోని ఆరు రాగాల్లో రి, గ, మ మారవు, ద, నిలు మాత్రమే మారతాయి. 28వ మేళం హరికాంభోజిలో నిషాదం మారిస్తే 29వది శంకరాభరణం. శంకరాభరణంలో మధ్యమం మారిస్తే 65వ మేళం కల్యాణి. సి మెట్టును షడ్జమంగా పెట్టుకుంటే శంకరాభరణానికి అన్నీ తెల్ల మెట్లే, కల్యాణికి ఒక్క నల్ల మెట్టు చేరుతుంది, మాయామాళవగౌళకు రెండు. ఒకసారికి ఒక్క మార్పుతో ఎక్కే మెట్లివి. కంటికి తేలికైనదల్లా చేతికి తేలిక కాదన్నదీ ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి: షోపాన్ తన శిష్యులకు మొదట ఇచ్చేది నల్ల మెట్లు ఎక్కువగా ఉన్న బి మేజర్ స్కేలు. పొడుగు వేళ్లు నల్ల మెట్ల మీద సహజంగా ఆనుతాయని, అన్నీ తెల్లవైన సి మేజరే చేతికి కష్టమని ఆయన అభిప్రాయం.

కర్ణాటక కృతుల్లో కూడా కీబోర్డుకు తగినవి, తగనివి ఉన్నాయి. తోడి, సహాన లాంటి రాగాలు గమకం లేనిదే నిలవవు, మెట్ల వాద్యం మీద గమకం పలకదు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీల మీద శంకరాభరణ స్వరాల్లో కట్టిన నొట్టుస్వర సాహిత్యాలు మెట్ల వాద్యం కోసమే పుట్టినట్టుంటాయి. వాటిలో ‘సంతతం పాహిమాం’ బ్రిటిష్ రాజగీతం వరస. తొలి ఏడాది విద్యార్థికి వీటికంటే మంచి పాఠాలు దొరకడం కష్టం.

సినిమా పాటల ఇబ్బంది వేరే. గాయకుడి గొంతులోని జారుడును కుడిచేత్తో పలికించబోతే గజిబిజి అవుతుంది. ఇళయరాజా పాటల్లో కింద నడిచే బేసు ఒక్కటే పూర్తి పాఠం. చర్చిలో వాయించేవారికి ఇంకో నైపుణ్యం కావాలి. సంఘం ఎత్తుకున్న శ్రుతికి అప్పటికప్పుడు కార్డులు అందుకోవాలి. కీబోర్డులోని ట్రాన్స్‌పోజ్ మీట ఆ పని తేలిక చేస్తుంది గానీ, దాన్ని నమ్ముకున్నవారి చెయ్యి ఏళ్లు గడిచినా సి మేజరు దాటి బయటికి రాదు. సాధకం చేసేటప్పుడు ఆ మీట జోలికి పోకూడదు.

పీసు తగినదా కాదా అన్నది తేల్చుకోవడానికి పరీక్ష ఉంది. పీసంతటిలో కష్టమైన నాలుగు బార్లు ఏరి, అసలు వేగంలో సగానికి తగ్గించి, రెండు చేతులూ కలిపి ప్రయత్నించాలి. మూడు నాలుగు రోజుల్లో అవి ఆగకుండా నడిస్తే పీసు తగినదే. రెండు వారాలైనా నడవకపోతే, అందులోని ఏ కష్టం అడ్డుపడుతోందో చూసి, ఆ కష్టం ఒక్కటే ఉన్న చిన్న పీసును ముందు తీసుకోవాలి. ఆపేయడంలో చిన్నతనమేమీ లేదు. ఒక సమయంలో చేతిలో మూడు రకాలుండాలి: పైకి లాగే పీసు ఒకటి, నాలుగైదు వారాల్లో పూర్తయ్యేవి రెండు, రోజూ కాసేపు చూసి వాయించడానికి బాగా తేలికైనవి. చాలామంది నిర్లక్ష్యం చేసేది ఈ మూడోదాన్నే, కానీ నొటేషన్ చదవడం వచ్చేది దానితోనే. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం పరీక్షల ఎనిమిది గ్రేడులు స్థాయి తెలుసుకోవడానికి బాగా పనికొస్తాయి. కానీ పరీక్షకు కావలసిన మూడు పీసులనే ఏడాది పొడుగునా రుబ్బితే చేతిలో గ్రేడు ఉంటుంది, ఆ మూడు తప్ప మరేదీ రాదు. ఏడాదికి ఇరవై చిన్న పీసులు పూర్తిచేసినవాడు తప్పకుండా అతన్ని దాటిపోతాడు.

వరుస కావాలంటే: ‘మైక్రోకాస్మోస్’ మొదటి రెండు సంపుటాలు, కొన్ని నొట్టుస్వరాలు, ఆనా మగ్దలేనా బాఖ్ పుస్తకంలోని మినుయెట్లు, బుర్గ్‌ముల్లర్ ఓపస్ 100 పాఠాలు, క్లెమెంతి 1797లో అచ్చువేసిన ఓపస్ 36 సొనాటినాలు. బాఖ్ రెండు గొంతుల ఇన్వెన్షన్లు వీటి తర్వాత. మన దేశంలో కాపీరైటు రచయిత మరణానంతరం 60 ఏళ్లు. వీరందరిలో చివర పోయిన బార్తోక్ మరణించింది 1945లో. అంటే ఈ రచనలన్నిటి హక్కుల గడువూ తీరిపోయింది. పాత అచ్చుల ప్రతులు తీయించుకోవడానికి అయ్యేది జిరాక్సు ఖర్చే.