హెచ్.టి.ఎం.ఎల్. ఆకరగ్రంథం: గుణదోష విచారణ

నేడు కంప్యూటరు పాఠం చెప్పే ప్రతి పాఠశాలలోను హెచ్.టి.ఎం.ఎల్. అనే మాట వినబడుతున్నది. జాలపుటలో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక అని బ్రౌజరుకు తెలియజెప్పే గుర్తుల భాష ఇది. 1991లో టిమ్ బర్నర్స్-లీ దీనిని తొలిసారి వివరించినప్పుడు ఇందులో మూలకాలు 18 మాత్రమే. ఇప్పుడు అవి నూరు దాటినవి. వీటినన్నింటిని కంఠస్థం చేయవలసిన పని లేదు. కావలసినదానిని ఆకరగ్రంథంలో వెతుక్కోవడం తెలిస్తే చాలు. మొజిల్లా సంస్థ 2005లో ప్రారంభించిన ఎం.డి.ఎన్. జాలపత్రాలలోని హెచ్.టి.ఎం.ఎల్. విభాగం ఇట్టి గ్రంథాలలో పేరెన్నికగన్నది. అది మన విద్యార్థికి ఎంతవరకు ఉపకరిస్తుందో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ గ్రంథంలో ప్రవేశించడానికి రెండు దారులు ఉన్నవి. పుట అంచున మూలకాల పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటవి. ప్రధాన పుటలో అవే మూలకాలు చేసే పనినిబట్టి వర్గాలుగా విభజింపబడినవి: పుటను గురించిన సమాచారం, పుట విభాగాలు, పాఠ్యం, బొమ్మలు, పట్టికలు, ఫారాలు మొదలైనవి. రెండవ దారియే విద్యార్థికి మేలు. ప్రకాశం బరాజి నుండి నీరు పెద్ద కాలువలోకి, అక్కడినుండి పిల్లకాలువలోకి, చివరకు పంటబోదెలోకి పోతుంది. బోదె దగ్గర నిలుచున్న రైతుకు తన నీరు ఏ కాలువదో తెలుసు. అట్లే ఒక మూలకం ఏ వర్గానికి చెందినదో తెలిసినవాడు దానిని మరచినా తిరిగి పట్టుకోగలడు. అక్షరక్రమం మాత్రం పేరు ముందే తెలిసినవానికే పనికివస్తుంది.

ఇక ఒక్కొక్క మూలకానికి కేటాయించిన పుటను చూతము. మొదట ఆ మూలకం చేసే పని ఒకటి రెండు వాక్యాలలో ఉంటుంది. తరువాత దాని లక్షణాలు, ఉదాహరణలు, సాంకేతిక సంగ్రహం, ఏయే బ్రౌజర్లు ఏ కూర్పు నుండి దానిని గుర్తిస్తున్నవో తెలిపే పట్టిక వరుసగా వస్తవి. సాంకేతిక సంగ్రహాన్ని విద్యార్థులు దాటవేస్తారు. కాని ఏ మూలకం దేనిలోపల ఉండవలెనో చెప్పేది అదే. జాబితాలోని అంశం జాబితా లోపలనే ఉండవలెననే నియమం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పాత ఫోనుతో జాలపుటలు చదివే పల్లెటూరివారిని దృష్టిలో పెట్టుకొని రాసేవారు చివరి బ్రౌజర్ల పట్టికను తప్పక చూడవలెను.

ఈ గ్రంథంలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది కాలం చెల్లిన మూలకాలను గురించిన హెచ్చరిక. సెంటర్, ఫాంట్ అనే మూలకాలను వాడవద్దని 1997లో వెలువడిన నాలుగవ కూర్పులోనే సూచించారు. అయినా నేటికీ కొన్ని గైడు పుస్తకాలలో అవి పాఠాలుగా ఉన్నవి. నేను పరీక్ష పత్రాలు దిద్దేటప్పుడు వాటిని తప్పులు లేకుండా అప్పజెప్పిన విద్యార్థులను ఎందరినో చూచాను. బ్రౌజర్లు పాత పుటల కోసం వాటిని ఇంకా గుర్తిస్తున్నవి గనుక పొరపాటు బయటపడదు. ఎం.డి.ఎన్. పుటను తెరిస్తే మాత్రం కాలం చెల్లినదనే మాట మొదటనే ఎదురవుతుంది. దాని బదులు ఏది వాడవలెనో కూడ అక్కడనే ఉంటుంది.

ఇక లోపాలు. మా కళాశాల విద్యార్థి ఒకడు తన ఊరిని గురించి తెలుగులో ఒక పుట తయారుచేశాడు. తన యంత్రంలో చక్కగా కనబడిన ఆ పుట సర్వరులోకి చేరగానే పిచ్చిగీతలమయమైనది. కారణం ఇది. యూనికోడులో 'తెలుగు' అనే మాటకు ఆరు సంకేతాలు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్ల వంతున మొత్తం 18 బైట్లు. ఆ సంగతి తెలియని బ్రౌజరు ప్రతి బైటును ఒక లాటిను అక్షరంగా భావించి 18 గుర్తులు చూపబోతుంది. మెటా మూలకంలో చార్‌సెట్ లక్షణానికి యు.టి.ఎఫ్-8 అనే విలువ ఇస్తే జబ్బు నయమవుతుంది. అది పుటలోని మొదటి 1024 బైట్లలోపల ఉండవలెనని గ్రంథం చెబుతున్నది.

విషయమంతా గ్రంథంలో ఉన్నది. కాని విద్యార్థి దానిని చేరలేకపోయాడు. అక్షరాలు చెడినవి గనుక అతడు సహజంగా పాఠ్యానికి సంబంధించిన వర్గంలో వెతికాడు. మందు ఉన్నది పుటను గురించిన సమాచారమనే వర్గంలో. రోగలక్షణాన్నిబట్టి మందును వెతుక్కొనే సూచిక ఈ గ్రంథంలో చాలినంతగా లేదు. పుట తెలుగులో ఉన్నదని తెలిపే లాంగ్ లక్షణం పరిస్థితి కూడ ఇంతే. అంధులకు పుటను చదివి వినిపించే సాధనాలు తెలుగు గొంతును ఎన్నుకోవడానికి అది అవసరం. అయినా అన్ని మూలకాలకు సామాన్యమైన లక్షణం గనుక దానిని వేరొక జాబితాలో వెతకవలెను. శీర్షికను మధ్యకు జరపడం వంటి పనులు సి.ఎస్.ఎస్. విభాగానికి చెందినవి. ఏ పని ఏ విభాగానిదో చెప్పే ఉపాధ్యాయుడు లేకపోతే విద్యార్థి దారి తప్పుతాడు.

కనుక ఉపాధ్యాయులకు ఒక మనవి. వారానికి ఒక గంట విద్యార్థుల ముందు తప్పులున్న పుటను ఉంచి, ఆకరగ్రంథం సహాయంతో దిద్దమనండి. పరీక్షలోను అట్టి ప్రశ్న ఒకటి ఇవ్వండి. మూలకాల జాబితా అప్పజెప్పినవాడు కాలం చెల్లిన మాటను పట్టుకొని మిగిలిపోతాడు. వెతకడం నేర్చినవాడు భాష మారినా నిలుస్తాడు.

చివరిది భాష సంగతి. ఈ గ్రంథం ఫ్రెంచి, జపాను, కొరియా, రష్యా, చైనా భాషలలో దొరుకుతున్నది, తెలుగులో లేదు. అందుకు చట్టపరమైన అడ్డంకి ఏమీ లేదు. మూలకర్తలను పేర్కొని, అనువాదాన్ని కూడ అవే షరతులపై అందరికీ విడిచిపెడితే ఎవరైనా అనువదించుకోవచ్చు. మున్నేటి తీరంలోని పెనుగంచిప్రోలులో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాదిగా ఆరంభించారు. 1923లో వారు మరణించేనాటికి ఆ మహాకార్యం అకారం దాటలేదు. అచ్చుపుస్తకానికి వరుస తప్పదు. జాలగ్రంథానికి ఆ నిర్బంధం లేదు. మనకు ముందు కావలసిన మెటా, లాంగ్, పట్టికలు, ఫారాలతోనే మొదలుపెట్టవచ్చు. ఒక్కొక్క కళాశాల ఏడాదికి పది పుటలు పూనుకొన్నా మన పిల్లలకు దారి ఏర్పడుతుంది.