డొంకదారి బండికి ఏది ముందు

ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొన్నాక చేతిలో పెద్దగా డబ్బు మిగలదు. మిగిలిన పాతికవేలో యాభైవేలో దేనిమీద పెట్టాలన్నదే ప్రశ్న. చాలామంది కంటికి ఆనేవాటితో మొదలుపెడతారు. కప్పు మీద లైట్ల వరస, ముందు లావుపాటి ఇనప గార్డు, పైన సామాన్ల క్యారియర్. ఫొటోలో బండి బాగుంటుంది. వాగు దాటాక ఎదురయ్యే బురద ఎక్కులో మాత్రం వాటిలో ఒక్కటీ చక్రాన్ని అంగుళం కూడా కదిలించదు. బండి ఆగిపోయేది టైరుకు నేల మీద పట్టు చాలక. ఆగిన బండి అక్కడే ఉండిపోయేది బయటికి లాగే సరంజామా లేక. తక్కువ డబ్బున్నవాళ్లు ముందు ఈ రెంటికే ఖర్చు పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

తక్కువ ఖర్చుతో బండిని సిద్ధం చేసుకోవడం మన దేశంలో జీపుతో పాటే పెరిగిన విద్య. మహీంద్రా సోదరుల కంపెనీ 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడం మొదలుపెట్టింది. సైన్యమూ ప్రభుత్వ శాఖలూ వాడి వేలంలో వదిలేసిన జీపులు తర్వాత మెకానిక్కుల చేతుల్లో మళ్లీ లేచి నిలబడేవి. హర్యానాలోని మండీ డబ్వాలీ అనే పట్టణానికి అలా పాత జీపులను కొత్తగా కట్టడం వల్లే పేరొచ్చింది. మనకు విజయవాడ ఆటోనగర్ ఉంది. కమాన్ కట్టలకు మళ్లీ వంపు పెట్టే కొలిమి నుంచి షాఫ్టులు చెక్కే లేత్ దాకా అక్కడ నడిచి వెళ్లే దూరంలోనే దొరుకుతాయి. అలాంటి షెడ్లలో చేయి తిరిగిన మేస్త్రీ కొత్త సామాను బిగించే ముందు ఉన్నదాన్ని బాగు చేస్తాడు. ఆ పద్ధతి పేదరికం నుంచి పుట్టి ఉండవచ్చు, కానీ అందులో ఉన్నది అసలైన ఇంజినీరింగు జ్ఞానం. ఏ భాగం ఏ బరువు మోస్తుందో తెలిసినవాడే దేన్ని మార్చనక్కర్లేదో చెప్పగలడు.

కాబట్టి పాత బండి అయితే మొదటి ఖర్చు బుష్‌లకూ బ్రేకులకూ స్టీరింగ్ ఆటకూ పోవాలి. 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి నాలుగు మూలలా కమాన్ కట్టలే. తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయిన పట్టీలను విప్పించి, శుభ్రం చేయించి, విరిగిన పట్టీ మార్పించి, కొత్త బుష్‌లు వేయిస్తే ఆ బండి నడకే మారిపోతుంది. చక్రం గుంతలోకి దిగి నేలను వెతుక్కోగలుగుతుంది. దీని మీద పెట్టే డబ్బు ఎవరికీ కనబడదు, అందుకే చాలామంది వాయిదా వేస్తారు.

నేలను వెతుక్కోవడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే డిఫరెన్షియల్ సంగతి తెలియాలి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుందన్న మాట నిజమే. కానీ మామూలు డిఫరెన్షియల్ ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలమే ఇస్తుంది. ఒక చక్రం గాల్లోకి లేచిందంటే దాన్ని తిప్పడానికి బలం దాదాపు అక్కర్లేదు, దాంతో రెండో చక్రానికీ అంతే అందుతుంది. ముందు ఎడమ చక్రమూ వెనక కుడి చక్రమూ ఒకేసారి లేచాయంటే ఎంత యాక్సిలరేటర్ తొక్కినా అవి రెండే గిరగిరా తిరుగుతాయి. 2020 థార్‌లో కొన్ని రకాలకు వెనక ఇరుసు తనంతట తానే లాక్ అయ్యే ఏర్పాటు వచ్చింది. 2023లో వచ్చిన జిమ్నీ ఊరికే తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి, బలాన్ని రెండో చక్రానికి మళ్లిస్తుంది. పాత బండికి విడిగా లాకర్ కొని వేయించడం పెద్ద ఖర్చు. జిమ్నీలో కంప్యూటర్ చేసే పనిని కొంతవరకు కాలితో చేయవచ్చు. లో గేర్‌లో యాక్సిలరేటర్ నిలకడగా పట్టి, ఎడమ కాలితో బ్రేకును మెల్లగా అదిమితే తిరిగే చక్రానికి అడ్డు తగిలి, నేల మీదున్న చక్రానికి ప్రాణం వస్తుంది. ఈ విద్యకు రూపాయి ఖర్చు లేదు, ఖాళీ మైదానంలో సాధన మాత్రం కావాలి.

ఇక గాలి. నా దృష్టిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది మరొకటి లేదు. 1,400 కిలోల బండి ఒక్కో టైరు మీద 350 కిలోలు మోపుతుందనుకుందాం. 30 పీఎస్‌ఐ గాలితో టైరు నేలను తాకే జాగా లెక్క ప్రకారం 165 చదరపు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గాలిని 15కి దించితే అది ఇంచుమించు రెట్టింపు. టైరు గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజంలో కాస్త తక్కువే పెరుగుతుంది, అయినా తేడా మొదటి గజంలోనే తెలుస్తుంది. పెరిగేది ఎక్కువగా పొడవే, వెడల్పు కాదు. మెత్తబడిన టైరు రాయి మీద జారకుండా దాన్ని చుట్టుకుంటుంది, ఇసుకలో దిగబడకుండా పైపైన నడుస్తుంది. రాళ్లదారికి 18 నుంచి 20, నది ఇసుకకు 15 దగ్గర మొదలుపెట్టవచ్చు. మామూలు రిమ్ముతో 12 కంటే దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తక్కువున్నప్పుడు వేగం తగ్గాలి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకూడదు.

దీనికి కావలసినవి నమ్మకమైన గేజీ, వాల్వ్ పిన్ను తీసే చిన్న పనిముట్టు, బ్యాటరీ క్లిప్పులకు తగిలించే గాలి మిషన్. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే బొమ్మలాంటి పంపు నాలుగు టైర్లు నింపేలోపు వేడెక్కి చతికిలబడుతుంది. ఇక్కడ మాత్రం పీనాసితనం పనికిరాదు. తిరిగి గాలి నింపుకునే దారి లేదనే భయంతోనే చాలామంది అసలు గాలి తీయరు, తీయక ఇరుక్కుంటారు.

తర్వాతది తాడు. ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. లారీలు లాగే ఇనప గొలుసుకు సాగే గుణం లేదు. దానితో బండిని ఒక్క ఉదుటున లాగితే దెబ్బంతా కొక్కేల మీద పడుతుంది. నైలాన్ స్నాచ్ స్ట్రాప్ ఇరవై శాతం దాకా సాగి, ఆ శక్తిని మెల్లగా ఇరుక్కున్న బండికి అందిస్తుంది. స్ట్రాప్ తెగే బరువు రెండు బండ్లలో తేలికైనదాని పూర్తి బరువుకు రెండు మూడు రెట్లు ఉంటే సరిపోతుంది. మరీ గట్టిది కొంటే సాగదు, దాంతో కొన్న ప్రయోజనమే పోతుంది. దానితో పాటు 4.75 టన్నుల బో షాకిళ్లు రెండు, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన గట్టి లాగుడు కొక్కేలు ముందూ వెనకా కావాలి. కంపెనీ బండిని ట్రక్కు మీద కట్టి తరలించడానికి పెట్టిన సన్నపు కన్నాలు ఈ పనికి ఒప్పవు. ట్రెయిలర్ తగిలించే గుండుకు స్ట్రాప్ ఎప్పుడూ వేయకూడదు. లాగుడులో ఆ గుండు విరిగి తూటాలా దూసుకొచ్చి మనుషుల్ని చంపిన ఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. స్ట్రాప్ మధ్యలో తడిపిన గోనెసంచి గానీ దుప్పటి గానీ వేసి, చుట్టూ ఉన్నవాళ్లను దూరంగా నిలబెట్టాకే లాగాలి.

ఒక పార, జాకీ కింద వేయడానికి మందపాటి చెక్క పలక కూడా ఈ సామానులోనే లెక్క. మెత్తని నేల మీద పలక లేని జాకీ బండిని పైకి లేపదు, తానే భూమిలోకి దిగుతుంది.

టైర్ల దగ్గర మన నేలలు ఎన్ని రకాలో గుర్తుపెట్టుకోవాలి. విదేశీ వీడియోలు చూసి మడ్ టెరైన్ టైర్లు వేయించుకునేవాళ్లను చూస్తుంటాను. కర్నూలు వైపో ఆదిలాబాద్ వైపో నల్లరేగడి తడిసినప్పుడు వాటి వెడల్పాటి గాడులకు నిజంగా పనుంటుంది, చక్రం వేగంగా తిరిగినప్పుడు బురదను విసిరేస్తాయి. అయితే బాగా నానిన రేగడి ఆ గాడుల్ని కూడా పిండిముద్దలా నింపేస్తుంది. అలాంటి రోజున డొంకలోకి దిగకపోవడమే మంచిది, రైతు దారి కూడా పాడవకుండా ఉంటుంది. పెన్నా, గోదావరి ఇసుకలో మొరటు గాడులు పట్టు ఇవ్వకపోగా గొయ్యి తవ్వుతాయి. తెలంగాణ చల్క నేలలకూ మొరం దారులకూ ఆల్ టెరైన్ టైరు చాలు. పాడేరు, అరకు ఏజెన్సీలో గెడ్డల పక్క రాళ్లదారుల్లో పైగాడి కంటే టైరు పక్కగోడ బలం ముఖ్యం, పదునైన రాయి కోసేది దాన్నే. రోజూ ఆఫీసుకు తారురోడ్డు మీద తిరిగి, నెలకోసారి కొండకు పోయే బండికి మడ్ టెరైన్ అంటే రొద, ఎక్కువ డీజిలు, వానలో తారు మీద పొడుగైన బ్రేకు దూరం. నేనైతే ఆల్ టెరైన్‌కే ఓటేస్తాను.

సైజు పెంచాలన్న కోరిక దగ్గర లెక్క వేసుకోవాలి. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 అవుతుంది, బండి ఎత్తు పెరిగేది అందులో సగం, అంటే అయిదు మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 అయితే టైరు 733, నేలకూ ఇరుసుకూ మధ్య ఖాళీ 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దానికి బదులుగా ప్రతి గేరులోనూ లాగుడు అయిదారు శాతం తగ్గుతుంది, మీటర్ 80 చూపినప్పుడు అసలు వేగం 85 దగ్గర ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. పైగా కొనాల్సినవి అయిదు. స్టెప్నీ వేరే సైజులో ఉంటే అడవిలో పంక్చరయిన రోజున ఫోర్‌వీల్ వేయడం ట్రాన్స్‌ఫర్ కేసుకు హాని.

లిఫ్ట్ కిట్ గురించి ఒక్క మాట చాలు. అది బాడీని పైకి లేపుతుంది, డిఫరెన్షియల్ ఉండే ఇరుసు గుండును మాత్రం లేపలేదు. బిగుసు ఇరుసుల బండిలో రాయికి ముందు తగిలేది ఆ గుండే. బరువు పైకి పోయి పక్కవాలులో బండి ఒరిగే గుణం పెరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది. పరిమిత డబ్బుతో దీని జోలికి పోనక్కర్లేదు. కప్పు మీది బరువైన క్యారియర్‌కూ ఇదే అభ్యంతరం.

నీళ్ల విషయంలో ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే స్నార్కెల్‌కు ఉన్న పేరు ఇరుసుకు గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టానికి లేదు. దూరం నడిచి వేడెక్కిన ఇరుసు చల్లటి గెడ్డలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. ఆ నీరు నూనెలో కలిసి క్రౌన్, పినియన్, బేరింగులను మెల్లగా తినేస్తుంది. ఇరుసు మీది బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గది పైభాగానికి తీసుకెళ్తే సరి. అయ్యేది కొన్ని వందలు, మిగిలేది వేలు. లోతు విషయానికొస్తే థార్‌కు కంపెనీ చెప్పిన హద్దు 650 మిల్లీమీటర్లు. దిగి నడిచి లోతూ అడుగునేలా చూశాకే బండి దింపాలి, నడిచేవాడి కాళ్లను ప్రవాహం లాగేస్తుంటే వెనక్కి తిరగాలి. నీటి మధ్య ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకుండా బయటికి లాగించాలి. సిలిండర్లో నీరుంటే ఆ ఒక్క సెల్ఫ్‌తో కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో పొసగనంతగా బండిని మార్చకూడదు. ముందు బిగించే ఇనప గార్డుల మీద చర్య తీసుకొమ్మని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పుల వల్ల చిక్కులూ వస్తాయి. గేజీ, గాలి మిషన్, స్ట్రాప్, షాకిళ్లు, పార, పలక, ఇవేవీ ఈ గొడవలోకి రావు. బండి అమ్మేసినా ఇవి మీతోనే ఉంటాయి, తర్వాతి బండికీ పనికొస్తాయి.

మోటారుతో తాడు చుట్టి బండిని లాగే వించ్ ఎప్పుడు? బండి పూర్తి బరువుకు ఒకటిన్నర రెట్లు లాగేది కావాలి, దానికి తగ్గ బంపర్, మంచి బ్యాటరీ, ఎదురుగా కట్టడానికి చెట్టో బండో కావాలి. ఆ డబ్బు కూడేదాకా తోడుగా రెండో బండి ఉంటే చాలు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి పర్యాటకులను రాళ్లదారిలో చేరవేసే జీపుల్లో చాలావాటికి వించ్ ఉండదు. దారి తెలిసిన డ్రైవరుంటాడు, వెనకాలే ఇంకో జీపు వస్తుంటుంది.

ఇక అడుగు రక్షణ ప్లేట్లు. వీటిని ఒకేసారి సెట్టుగా కొనవద్దు. ప్రతిసారీ తిరిగొచ్చాక టైర్లలో గాలి నింపి, స్ట్రాప్‌ను మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టి, ఇరుసు నూనె పాలలా తెల్లబడిందేమో చూసి, ఆ తర్వాత టార్చిలైటుతో బండి కిందికి దూరండి. ట్రాన్స్‌ఫర్ కేసు కింద తాజా గీతలుంటే అక్కడికో ప్లేటు. తలుపుల కింది అంచు నొక్కుకుపోతే రాక్ స్లైడర్లు. టైరు గోడ మీద కోతలుంటే టైర్లు. స్టీరింగ్ రాడ్డు వంగినట్టుంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది. ఎక్కడా గీత లేకపోతే ఈసారికి కొనాల్సిందేమీ లేదు, ఆ డబ్బుతో డీజిలు కొట్టించుకుని ఇంకో కొండకు బయల్దేరవచ్చు.